కొట్టు ఎవరి పేరున?



మా పాలకొల్లులో ఈమధ్య నలుగురు కూర్చున్నచోట బ్యాంకాక్ పేరు తరచుగా వినబడుతోంది. రొయ్యల మేత అమ్మే డీలర్లు, చెరువు మందుల షాపులవాళ్ళు కంపెనీ టూర్ల మీద వెళ్ళొస్తారు. వచ్చాక కొన్నాళ్ళు అవే కబుర్లు. ఆ ఎండ మన ఎండేనంట. ఆ కొబ్బరిచెట్లు మన కొబ్బరిచెట్లేనంట. కాలవ, కాలవ పక్కన వరిచేను, చేను పక్కన రొయ్యల చెరువు. అంతా మన యలమంచిలి మండలం చూసినట్టే ఉందంట. ఆ మీదట ఒక మాట వస్తుంది. "ఇక్కడేముంది బావా, అక్కడే ఓ కొట్టు పెట్టేసుకుని పెళ్ళాంపిల్లల్ని తీసుకుపోతే పోలా?"

ఈ మాట అన్నవాళ్ళలో చాలామంది మర్నాటికి మరిచిపోతారు. కొందరు మరిచిపోరు. రాత్రి పడుకున్నాక లెక్కలు వేస్తారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ కొందరి కోసమండి.

వెళ్ళండి అని చెప్పడానికి రాలేదు. వెళ్ళొద్దని చెప్పడానికీ రాలేదు. ఒకే ఒక ప్రశ్న మీ ముందు పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తాను. అక్కడ ఎంత సంపాదిస్తాం అన్నది కాదు ఆ ప్రశ్న. ఎంత సంపాదిస్తాం అని అందరూ అడుగుతారు. అడగనిది ఇంకొకటుంది. అక్కడ ఆ కొట్టు ఎవరి పేరున ఉంటుంది? ఆ దేశం కాగితాల్లో నేను ఎవరిని? ఈ రెండూ ఒకే ప్రశ్న. మళ్ళీ చెబుతున్నాను, గుర్తుంచుకోండి. కొట్టు ఎవరి పేరున? కాగితంలో నేను ఎవరిని?

నిజానికి ఈ కథ పాలకొల్లుకి కొత్త కాదు. తిరగేసి జరిగిందంతే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఓడలెక్కి వచ్చి మన ఊళ్ళోనే వ్యాపారం పెట్టారు. మన నేతగాళ్ళ బట్ట కొన్నారు, తూర్పు దీవులకి పంపారు. ఇక్కడే కాపురం ఉన్నారు, ఇక్కడే పోయారు. వాళ్ళ సమాధులు మన ఊళ్ళో ఉన్నాయి. అదే కాలంలో మచిలీపట్నం అద్దకం బట్ట బంగాళాఖాతం దాటి మెర్గుయి రేవులో దిగి, అక్కణ్ణించి కొండదారిన సయాం రాజధాని అయుత్థయకి వెళ్ళేది. సయాం అంటే ఇవాళ్టి థాయ్‌లాండే. ఆ రాజదర్బారు కోసం వాళ్ళ ఇష్టానికి తగ్గ పూలూ తీగలూ వేసి, మన తీరంలో ప్రత్యేకంగా బట్ట అద్దేవారు. కొన్నవాళ్ళు సయాంలో, చేసినవాళ్ళు ఇక్కడ. బట్ట వెళ్ళింది, చేసిన మనిషి వెళ్ళలేదు. ఇది కూడా కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మనిషి వెళ్ళిన కథ వేరు. అది రంగం కథ.

మీ ఇంట్లో ఎనభై ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళు ఉంటే అడగండి, రంగం అంటే చెబుతారు. రంగూన్‌నే మనవాళ్ళు రంగం అనేవారు. "మా తాత రంగం వెళ్ళాడు" అనే మాట ఈ తీరంలో వినని ఊరు ఉండదు. మన ఊరి దాసరి నారాయణరావు గారు 1979లో మొగల్తూరు కృష్ణంరాజు గారితో 'రంగూన్ రౌడీ' అని సినిమా తీస్తే, ఆ పేరు ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

బర్మాని ఇంగ్లీషువాళ్ళు పూర్తిగా కలిపేసుకున్నది 1886లో. ఇర్రవడ్డీ డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు. వరి ఉన్నచోట మిల్లు, మిల్లు ఉన్నచోట రేవు, రేవు ఉన్నచోట మూటలు మోసే మనుషులు కావాలి. కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి స్టీమర్లు నడిచేవి. శ్రీకాకుళం వైపు నుంచి, విశాఖ నుంచి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు వేలకి వేలు ఎక్కారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. అదే ఏడు రంగూన్ పట్నంలో సగానికి మించి భారతీయులే.

వీళ్ళలో వ్యాపారులు కొద్దిమందేనండి. నిజం చెప్పుకోవాలి. ఎక్కువమంది రేవులో, మిల్లులో కూలీలు. మేస్త్రీ అని ఒకాయన ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, టిక్కెట్టు కొనిచ్చేవాడు. అక్కడ పని చేయించి, అది కూలిలోంచి పట్టుకునేవాడు. ఆ మేస్త్రీల్లో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. కొందరు కిరాణా కొట్లు పెట్టారు. మొదట్లో ఆడవాళ్ళు చాలా తక్కువ. మగవాడు వెళ్తాడు, డబ్బు పంపిస్తాడు, కొన్నేళ్ళకి తిరిగొస్తాడు. కుటుంబం గోదావరి ఒడ్డున, సంపాదన ఇర్రవడ్డీ ఒడ్డున. తర్వాత తర్వాతే పెళ్ళాంపిల్లలు వెళ్ళారు, గుళ్ళు కట్టారు, బళ్ళు పెట్టారు. పిల్లలు అక్కడే పుట్టి అక్కడి భాష మాట్లాడారు. ఇక ఇదే మన ఊరు అనుకున్నారు.

అనుకున్నారు. కాగితం మీద మాత్రం కాలేదు.

మొదటి దెబ్బ 1930 మే నెలలో. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీమరు కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని తెచ్చుకున్నాయి. ఆనక తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది. తెల్లారి తెలుగువాళ్ళు పనిలోకి వచ్చేసరికి, బర్మావాళ్ళని ఇక మీరు వెళ్ళిపొండి అన్నారు. రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళు. నిర్ణయం చేసింది కంపెనీ దొరలు. దెబ్బలు తిన్నది ఒకరి పొట్ట ఒకరు కొట్టారనుకున్న రెండు జాతుల పేదవాళ్ళు.

రెండో దెబ్బ యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి మార్చిలో పట్నం వాళ్ళ చేతిలోకి పోయింది. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు నడిచారు. అరకాన్ కొండల మీంచి కొందరు, మణిపూర్ వైపు కొందరు, ఇంకా ఉత్తరాన అడవుల్లోంచి కొందరు. మొత్తం మీద దాదాపు 5 లక్షలమంది భారతీయులు అలా బయటపడ్డారని అంచనా. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అంత జరిగినా, యుద్ధం అయిపోయాక చాలామంది మళ్ళీ వెళ్ళారండి! ఎందుకంటే కొట్టు అక్కడుంది. రావలసిన బాకీలు అక్కడున్నాయి.

ఇక మూడోది. నేను మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వ చట్టం వచ్చింది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. కొందరు పెట్టుకున్నారు. కొందరి దరఖాస్తులు ఏళ్ళ తరబడి ఆఫీసుల్లోనే ఉండిపోయాయి. చాలామంది అసలు పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదంటే, మనసులో ఎక్కడో ఒక మూల ఎప్పటికైనా ఊరెళ్ళిపోతాం కదా అని. ఈలోగా విదేశీయుడినని రిజిస్ట్రేషను కార్డు తీసుకుని, ఏటా రుసుము కట్టుకుంటూ వ్యాపారం చేసుకున్నారు. అప్పటికి ఇబ్బందేమీ కనబడలేదు. అమ్మకం బాగుంది. ఇరుగుపొరుగు మంచివాళ్ళే.

1962 మార్చిలో జనరల్ నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చి 19న దుకాణాలన్నీ జాతీయం చేస్తున్నామన్నారు. టోకు కొట్లూ, చిల్లర కొట్లూ. తెల్లారేసరికి సైనికులు గుమ్మంలో నిలబడ్డారు. సరుకు లెక్క రాసుకున్నారు. గల్లాపెట్టె తాళాలు తీసుకున్నారు. ప్రజల దుకాణం అని బోర్డు పెట్టారు. ఇంట్లో దాచుకున్న నోట్లు ఉన్నాయి కదా అనుకుంటే, రెండు నెలలు తిరక్కుండా మే 17న 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. సరుకు పోయింది, నగదు పోయింది. ఊరికి పోతామంటే ఒంటి మీది బంగారానికి కూడా పరిమితి పెట్టారు. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు 3 లక్షలమంది భారతీయులు దేశం వదిలారు. మద్రాసులో దిగారు, విశాఖపట్నంలో దిగారు. విశాఖలో బర్మాక్యాంపు అని ఇప్పటికీ పిలిచే పేట వాళ్ళ కోసం వెలిసిందే. వాళ్ళకి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో కేంద్ర ప్రభుత్వం ఒక సహకార బ్యాంకునే పెట్టింది, రెప్కో బ్యాంకు అని. చెన్నై కేంద్రంగా అది ఇప్పటికీ నడుస్తోంది.

ఆ మనుషులు తెలివి తక్కువవాళ్ళు కారు. సోమరులు కారు. వ్యాపారం నష్టమొచ్చి మూసేసినవాళ్ళు అసలే కారు. ఎంత సంపాదిస్తాం అన్న ప్రశ్నకి వాళ్ళ దగ్గర మంచి జవాబే ఉండేది. కొట్టు ఎవరి పేరున, కాగితంలో నేను ఎవరిని అన్నదానికే జవాబు లేకపోయింది.

ఇప్పుడు, ఆ కాలంలోనే పక్క దేశంలో ఉన్న ఇంకో కుటుంబం సంగతి చెబుతాను.

దక్షిణ చైనాలో షాంటౌ అని రేవు పట్నం ఉంది. ఆ ప్రాంతం నుంచి ఇద్దరు అన్నదమ్ములు బ్యాంకాక్ వెళ్ళి, 1921లో అక్కడి చైనా పేటలో చిన్న కొట్టు పెట్టారు. ఇంటిపేరు చియా. అమ్మింది కూరగాయల విత్తనాలు. చైనా నుంచి తెచ్చేవారు, పొట్లాల మీద విమానం బొమ్మ వేసి అమ్మేవారు. కొట్టు పేరు చియా తాయ్. విత్తనం నుంచి కోళ్ళ మేతకి, కోళ్ళ మేత నుంచి కోళ్ళకి, కోళ్ళ నుంచి రొయ్యలకి పాకింది ఆ వ్యాపారం. దాని పేరు ఇవాళ చారోన్ పోక్‌ఫండ్. ఈ పేరు మీకు నోరు తిరక్కపోవచ్చు గాని, పొట్టి పేరు చెబితే మన చెరువు గట్టు మీద చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. సి.పి.! ఆ సి.పి. మేతేనండి. మన డెల్టాలో రొయ్యల సాగు పెరిగినకొద్దీ సీడు (రొయ్యపిల్ల), మేత అంటూ వచ్చిన పెద్ద పేర్లలో అదొకటి.

ఆ అన్నదమ్ములకి అన్నీ సాఫీగా జరగలేదు. 1930ల చివర్లో థాయ్ ప్రధాని ఫిబున్ సోంగ్‌క్రామ్ చైనావాళ్ళ మీద బాగా ఆంక్షలు పెట్టాడు. చైనా బళ్ళు మూయించాడు. కొన్ని పనులు థాయ్‌లే చేయాలన్నాడు. అప్పటికి రంగూన్‌లో మనవాళ్ళ పరిస్థితి కంటే అదేమీ మెరుగు కాదు. కానీ చియా కుటుంబంలో తర్వాతి తరం థాయ్ పౌరులయ్యారు. ఇంటిపేరు చియరవనోన్ అని థాయ్ పేరు పెట్టుకున్నారు. ఆస్తి ఆ పేరున, వ్యాపారం ఆ పేరున. ఇంట్లో చైనా భాష పోలేదు, చైనాతో వ్యాపారం పోలేదు. కాగితం మారింది.

పేరు మార్చుకోవడం చిన్న సంగతని నేననడం లేదు. మనలో ఇంటిపేరు మార్చుకోమంటే ఎంతమంది ఒప్పుకుంటారు? నేనైతే ఒప్పుకోనేమో. ఒప్పుకోకపోవడం తప్పు కూడా కాదు. కాకపోతే, ఒప్పుకోనప్పుడు ఎంతవరకు ఆ దేశంలో పెట్టుబడి దింపవచ్చో ముందే గీత గీసుకోవాలి.

ఇప్పుడు ఇవాళ్టికి వద్దాం. మన డెల్టాలో ఒక కుటుంబం అనుకుందాం. పేర్లెందుకు, పెద్దబ్బాయి అందాం. కాస్త వరిచేను, కొబ్బరితోట, లీజు చెరువులు, ఊళ్ళో మేత కొట్టు. ఈ పెద్దబ్బాయి థాయ్‌లాండ్ వెళ్ళి, తనకి వచ్చిన పనే చేద్దామనుకున్నాడు. ఏ పని వచ్చు? వరి వచ్చు. తోట వచ్చు. రొయ్య వచ్చు.

అక్కడ 1999లో చేసిన విదేశీ వ్యాపార చట్టం ఒకటుంది. అందులో మూడు జాబితాలు ఉన్నాయి. మొదటి జాబితాలో ఉన్నవి విదేశీయుడు చేయనే కూడదు. అందులో ఏముందో వినండి. వరి సాగు. తోటల పెంపకం. పశువుల పెంపకం. భూముల వ్యాపారం. అంటే పెద్దబ్బాయికి బాగా వచ్చిన పనులకే ముందు తలుపు మూసుకుపోయింది. మరి రైసు మిల్లు? అది మూడో జాబితా. లైసెన్సు కావాలి. సముద్ర జలచరాల పెంపకం? అదీ మూడో జాబితాలోదే, లైసెన్సు కావాలి. భోజన హోటలు పెడదామంటే అదీ అంతే. ఆ జాబితా పెట్టడానికి కారణం ఇది. ఈ పనుల్లో థాయ్‌లు ఇంకా విదేశీయులతో పోటీ పడే స్థితిలో లేరు, కాబట్టి వాళ్ళకి కాపు ఉండాలని.

కంపెనీ పెడితేనో? కంపెనీలో సగమో అంతకు మించో వాటా విదేశీయులదైతే, అది విదేశీ కంపెనీయే. అందుకని చాలామంది 49 వాటాలు తమకి, 51 థాయ్‌లకి పెడతారు. ఇక్కడే పెద్దబ్బాయికి ఎవరో ఒక ఏజెంటు తగులుతాడు. "మీకెందుకు సార్, మనవాళ్ళే ఉన్నారు, వాళ్ళ పేర్లు రాసేద్దాం, పెట్టుబడంతా మీదే, పెత్తనమంతా మీదే" అంటాడు. వినడానికి బాగుంటుంది. మన దగ్గర బినామీ అనేది ఇదే. అక్కడ అది నేరం. పేరు అద్దెకిచ్చిన థాయ్‌కి, అద్దెకి తీసుకున్న విదేశీయుడికి కూడా మూడేళ్ళ దాకా జైలు, 10 లక్షల బాత్‌ల దాకా జరిమానా ఉంది. జైలు సంగతి అటుంచండి. ఆ 51 వాటాలున్నాయన ఓ రోజు పొద్దున్నే లేచి "ఈ కొట్టు నాది" అంటే, పెద్దబ్బాయి ఏ కోర్టుకెళ్ళి ఏమని చెప్పుకుంటాడు? నేను చట్టం తప్పి పెట్టిన కొట్టండీ ఇది అని చెప్పుకోవాలి!

అందుకే మొదట చెప్పిన ప్రశ్న. కొట్టు ఎవరి పేరున?

సక్రమమైన దారులు లేకపోలేదు. అక్కడ బి.ఓ.ఐ. అని పెట్టుబడుల బోర్డు ఉంది. తమ దేశానికి కావలసిన రంగాల జాబితా వాళ్ళే ఇస్తారు. ఆ రంగంలో ఫ్యాక్టరీ పెట్టి, వాళ్ళ అనుమతి తెచ్చుకుంటే, నూరు శాతం వాటా మనమే ఉంచుకోవచ్చు. పన్ను రాయితీలు కూడా ఇస్తారు. కానీ అది యంత్రాలు, సాంకేతిక విద్య ఉన్నవాళ్ళ దారి. చిల్లర కొట్టు దారి కాదు.

భూమి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. సాధారణంగా విదేశీయుడు అక్కడ భూమి కొనలేడు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనవచ్చు, అదీ ఆ భవనం మొత్తంలో 49 శాతం దాటకుండా. సెంటు నేల కోసం దాయాదుల మీద కోర్టుకెళ్ళే మనకి ఈ నిబంధన జీర్ణం కావడం కష్టమే.

ఇక పని చేసే అనుమతి. టూరిస్టుగా దిగడం వేరు, పని చేయడం వేరు. ఈ తేడా దగ్గర మనవాళ్ళు బాగా పొరపడతారు, అందుకని నెమ్మదిగా చెబుతాను. తన సొంత కంపెనీలో తను పని చేయాలన్నా వర్క్ పర్మిట్ ఉండాలి. మామూలు కంపెనీ అయితే, ఒక్కో విదేశీయుడికి 20 లక్షల బాత్‌ల మూలధనం, నలుగురు థాయ్ ఉద్యోగులు చూపించాలి. పెద్దబ్బాయి, వాళ్ళ తమ్ముడు ఇద్దరూ పని చేయాలంటే లెక్క రెట్టింపు. మూడు నెలలకోసారి, నేను ఫలానా చిరునామాలో ఉన్నానని ఇమ్మిగ్రేషను వాళ్ళకి తెలపాలి. కొన్ని పనులు ఏ అనుమతితోనూ విదేశీయుడు చేయకూడదు. క్షవరం చేయడం, టూరిస్టు గైడుగా తిరగడం లాంటివి.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి. ఇది కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే, వ్యాపారం గురించి అడిగినంతగా దీని గురించి ఎవరూ అడగరు.

మన ఊళ్ళో మేత కొట్టుకి గాని, కిరాణా కొట్టుకి గాని వెళ్ళి చూడండి. ఆయన బస్తాలు దింపించుకుంటూ ఉంటాడు. గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారు? ఆవిడ. ఎవరు ఎంత బాకీయో ఖాతా పుస్తకం చూడకుండా చెప్పేది ఎవరు? ఆవిడే. "క్రితం పట్టుబడికే ఇస్తానన్నావు కదా తమ్ముడూ" అని, మాట నొప్పించకుండా బాకీ రాబట్టేది కూడా ఆవిడే. ఆవిడకి జీతం లేదు, బోర్డు మీద పేరు లేదు. కొట్టులో సగం ఆవిడే.

బ్యాంకాక్‌లో ఆవిడ వెళ్ళేది ఆయన మీద ఆధారపడ్డ భార్యగా, ఆ వీసా మీద. ఆ వీసాతో ఉండవచ్చు. పని చేయకూడదు. సొంత కొట్టులో కూర్చుని చిల్లర లెక్కపెట్టినా పనే. అందుకు ఆవిడకి వేరే అనుమతి, దానికి తగ్గ వీసా, మళ్ళీ ఆ మూలధనం, ఆ నలుగురు ఉద్యోగులు. అంటే, పాలకొల్లులో వ్యాపారం నడిపిన మనిషి అక్కడ ఫ్లాటులో కూర్చోవాలి. భాష రాదు. పక్కింట్లో ఎవరో తెలియదు. వ్యాపారానికి ఆవిడ లేదు, ఆవిడకి వ్యాపారం లేదు. పెట్టుబడి లెక్క వేసేటప్పుడు ఈ నష్టం ఏ కాగితం మీదా కనబడదు. వెళ్ళే ముందు ఆవిడని అడగండి. అడిగి, జవాబు వినండి.

పిల్లలు. అక్కడ ఇంటర్నేషనల్ స్కూళ్ళు చాలా ఉన్నాయి, ఫీజులు ఘాటు. పిల్లవాడికి 20 ఏళ్ళు నిండితే తండ్రి మీద ఆధారపడ్డ వీసా పనికిరాదు. తన కాగితం తను చూసుకోవాలి. తాత్కాలిక వీసా మీద ఉన్న తల్లిదండ్రులకి అక్కడ బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ థాయ్ పౌరుడు కాడు. శాశ్వత నివాసం కావాలంటే ఒక్కో దేశంవాళ్ళకి ఏడాదికి వందమందికే ఇస్తారు. ఇంత పెద్ద భారతదేశానికీ ఆ వందే! మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి, థాయ్ పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం వదులుకోవాలి.

ఇక్కడి సంగతి కూడా ఒకటుంది. మీరు విదేశంలో స్థిరపడి ఎన్.ఆర్.ఐ. అయ్యారనుకోండి. ఇక్కడున్న వరిచేను, కొబ్బరితోట మీవే, ఎక్కడికీ పోవు. పెద్దల నుంచి వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. కానీ కొత్తగా వ్యవసాయ భూమి గాని తోట గాని కొనడానికి రూలు ఒప్పుకోదు. అక్కడ సంపాదించి ఇక్కడ ఇంకో నాలుగెకరాలు కొంటాను అన్నది చాలామంది లెక్క. ఆ లెక్క చెల్లదు.

ఇంకొకటి, ఇది చట్టం కాదు, నా అభిప్రాయం. మన మేత వ్యాపారం అరువు మీద నడుస్తుంది. సీడు వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా డీలరు మేత పోస్తూనే ఉంటాడు. చెరువు బాగుంటే బాకీ వస్తుంది. పోతే వచ్చే పంటకి చూస్తాడు. ఏ రైతు మాట మీద నిలబడతాడో, ఏ రైతు రొయ్య అమ్మకం సైజుకి రాకముందే పట్టేస్తాడో డీలరుకి తెలుసు. తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కడియం నర్సరీవాళ్ళు మొక్కని అమ్మేటప్పుడు వేళ్ళ చుట్టూ మట్టిముద్ద కట్టి ఇస్తారు కదా. మీ కొట్టులో సరుకు మొక్క అనుకుంటే ఈ తెలిసిన మనుషులు ఆ మట్టి. దాన్ని విమానంలో ఎక్కించే వీలు లేదు.

మరి దేశం దాటి వ్యాపారం చేయడమే కుదరదా? కుదురుతుంది. థాయ్‌లు మన గోదావరి జిల్లాలకి వచ్చిన తీరు చూడండి.

కొవ్వూరులో అవంతి ఫీడ్స్ రొయ్య మేత ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ పెట్టింది మన తెలుగువాళ్ళే, అల్లూరి వెంకటేశ్వరరావు గారు, 1993లో. థాయ్‌లాండ్‌లో థాయ్ యూనియన్ అని సముద్ర ఆహారం అమ్మే చాలా పెద్ద సంస్థ ఉంది. ఆ సంస్థ కుటుంబాల్ని, కొట్లని ఎత్తుకుని కొవ్వూరు రాలేదు. అవంతిలో దాదాపు నాలుగో వంతు వాటా తీసుకుంది. మేత తయారుచేసే పద్ధతి ఇచ్చింది. నిపుణుల్ని పంపింది. రైతులతో మాట్లాడేది, డీలర్లకి అరువు ఇచ్చేది, ఆఫీసుల చుట్టూ తిరిగేది ఇక్కడివాళ్ళే. కాగితం స్పష్టం. ఈ వాటా నాది, ఆ వాటా నీది, కంపెనీ భారతీయ కంపెనీ. ఎవరికీ బినామీ అవసరం లేదు.

ఈ ఏర్పాటు వల్ల ఇంకో లాభం ఉంది. మన దేశంలో వనామీ రొయ్యకి అనుమతి వచ్చింది 2009లో. ఆ తర్వాత కొద్ది కాలానికే థాయ్‌లాండ్ చెరువుల్లో ఒక కొత్త తెగులు పడింది. పిల్ల వేసిన నెల లోపే చెరువు చెరువంతా చచ్చిపోయేది. ఇ.ఎం.ఎస్. అన్నారు. అది ఒక రకం బ్యాక్టీరియా వల్ల అని 2013లో అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంవాళ్ళు కనిపెట్టేసరికి, థాయ్‌ల ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది. ప్రపంచ మార్కెట్లో రొయ్య దొరకలేదు, ధర లేచింది. ఆ ఏడు మన డెల్టాలో కట్టిన డాబాలు, కొన్న కార్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అక్కడ రైతు ఏడ్చిన ఏడు ఇక్కడ రైతు నవ్వాడు. థాయ్ యూనియన్‌కి మాత్రం ఇక్కడి నవ్వులో కూడా వాటా వచ్చింది. పుట్టెడు సామాను తీసుకుని వచ్చేసి ఉంటే ఈ వెసులుబాటు ఉండేదా? అప్పుడెప్పుడో అద్దకం బట్ట సయాం వెళ్ళిన దారి కూడా ఇలాంటిదే. సరుకు వెళ్ళింది, నేత మగ్గం ఇక్కడే ఉంది.

కాబట్టి పెద్దబ్బాయి నన్ను అడిగితే ఏమంటానంటే, ముందు సరుకు పంపి చూడు అంటాను. మనిషి తర్వాత. అక్కడ ఒక నమ్మకమైన కంపెనీతో, వాటా రాసుకుని, చిన్న పనితో మొదలుపెట్టు. పాలకొల్లు కొట్టు అమ్మేయకు. ఆవిడ దాన్ని నడుపుతుంది, నీకంటే బాగానే నడుపుతుంది. రెండు మూడు పంటలు చూశాక, కాగితాలు నీ పేరున సక్రమంగా ఉన్నాయని నీకు, ఆవిడకి ఇద్దరికీ నమ్మకం కలిగాక, పిల్లల బడి సంగతి మాట్లాడు. ఒప్పందం థాయ్ భాషలో ఉండవచ్చు. అనువాదం నీ ఏజెంటు చేత చేయించకు. డబ్బు ఇచ్చి, ఏజెంటుకి సంబంధం లేని లాయరు చేత చదివించు. ఆ ఫీజు దగ్గర బేరమాడకు. డబ్బు ఇక్కణ్ణించి పంపేటప్పుడు కూడా, విదేశీ పెట్టుబడుల రూల్సు 2022లో కొత్తవి వచ్చాయి, బ్యాంకు ద్వారానే, కారణం రాసి పంపు. చేతి మీద పంపిన డబ్బు ఎవరి పేరునా ఉండదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మనవాళ్ళు మంచిరోజు చూసుకుని బయల్దేరతారు కదా. ఉగాది వెళ్ళాక, పిల్లల పరీక్షలు అయ్యాక అని ఏప్రిల్ పెట్టుకుంటారు. ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లో వాళ్ళకి కొత్త సంవత్సరం పండగ, సోంగ్‌క్రాన్. దేశమంతా రోడ్ల మీదకొచ్చి ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు పోసుకుంటారు. ఆఫీసులు మూసేస్తారు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి అంతకంటే మంచి వారం లేదు. కాగితాల పని మీద వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ వారం దాటాక టిక్కెట్టు తీసుకోండి. ఫైలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి.